ధాత కరువులో పొరుగువాడు
ఒంగోలు క్లౌ దొరగారి జీవిత చరిత్ర

పఠన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 25 నుండి 37 వరకు



కొన్ని సంవత్సరముల క్రిందట తాండూరు ప్రాంతమున నేను సేవచేయుచున్న సంఘములో జరిగిన సంగతి మొదట చెప్పుకొందును. తాండూరు చుట్టుపట్ల నాపరాళ్ల గనులున్నవని మీకందరికిని తెలిసినదే. ఆ గనులలో పనికొరకు దూరపు ఊళ్లనుండి కొన్ని కుటుంబములు వచ్చి మన గుడి వెనుక ఖాళీ స్థలమున గుడిసెలు వేసికొనిరి. ఆ యేట ఎండలు ముదిరి ఊరి బావులు ఎండిపోయినవి. మన గుడి ఆవరణలోని బోరు మాత్రము ఆగలేదు. గుడిసెల ఆడువారు బిందెలతో వచ్చి మన కుళాయియొద్ద నీళ్లు పట్టుకొనసాగిరి. రెండు వారములు గడచిన పిమ్మట మనవారిలో సణుగుడు బయలుదేరెను. చందాలిచ్చి బోరు వేయించినది మనము, కరెంటు బిల్లు కట్టునది మనము, వారు మన సంఘపువారు కారు, ఏ కులమువారో కూడ తెలియదు అని అనుకొనిరి. చివరకు కుళాయికి తాళము వేయించి తాళపుచెవి నా చేతికిచ్చిరి. నేను కాదనక పుచ్చుకొంటిని. ఆ ఆదివారము నేను ప్రసంగించినది మంచి సమరయుని గూర్చియే. ప్రసంగించుచున్నంతసేపును ఆ తాళపుచెవి నా జేబులోనే యుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో సంఘ చరిత్ర తరగతిలో వ్రాసికొన్న పాత నోటుపుస్తకము తీసి తిరుగవేయుచుండగా ఒంగోలు క్లౌ దొరగారి చరిత్ర కంటబడెను. ఆయన బాప్టిస్టు, మనము మెథడిస్టులము. ముంచుట, చిలకరించుటలను గూర్చిన తగవు ఇక్కడ అక్కరలేదు. ఆయన పనిచేసినది సముద్రతీరపు సీమ, మనది అనంతగిరి కొండల ప్రక్కనున్న మెట్ట నేల. అయినను ఆయన ఎదుర్కొనిన ప్రశ్నయు నా జేబులోని తాళపుచెవి అడిగిన ప్రశ్నయు ఒక్కటే. నా చేతిలో అన్నమో నీళ్లో ఉన్నప్పుడు, ఎదుటివాడు నావాడైన తరువాత ఇయ్యవలెనా, లేక ముందే ఇయ్యవలెనా? అందుచేత ఆయన జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

సర్వేయరు సేవకుడగుట

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. వారి కుటుంబము బ్రతుకుతెరువు వెదకుకొనుచు పడమటి ప్రాంతములకు వలసపోయెను. పిన్నవయస్సుననే ఆయన మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే జట్టులో చేరి భూమి కొలుచుట నేర్చుకొనిరి. అప్పుడాయనకు దేవుని సంగతులయందు ఆసక్తి లేదు. వకీలు కావలెనని కోరిక. కళాశాలలో చదువుచుండగా 1858లో మారుమనస్సు పొందిరి. సర్వే పని నేర్పించిన దేవుడు ఆ విద్యను వృథాగా పోనియ్యలేదని ముందు చూచెదరు.

ఆయన పుట్టిన 1836లోనే శామ్యూల్ డే గారిచేత అమెరికను బాప్టిస్టువారి తెలుగు మిషను ఆరంభమాయెను. 1840 నుండి నెల్లూరులో పని సాగినను ఫలము బహు కొద్ది. అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసివేయుదమా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించిరి. లైమన్ జ్యూయెట్ గారు, ఒంటరిగానైనను తెలుగువారియొద్దకే మరలిపోయి వారి మధ్యనే ప్రాణము విడుతునని పట్టుబట్టుటచేత పని నిలిచెను. ఆయనతో కూడ పంపబడినవారే క్లౌ గారును ఆయన భార్య హారియెట్ దొరసానిగారును. 1864 నవంబరులో ఓడ యెక్కి, 1865లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలునకు కాపురము వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

ఎవరిని విడిచిపెట్టవలెను?

క్లౌ గారికి మొదటి పరీక్ష కరువు రాక మునుపే వచ్చెను. ఒంగోలు పట్టణములోని పై కులములవారు ఆయనను ఆదరించి, తమ పిల్లల కొరకు ఇంగ్లీషు బడి పెట్టుమని కోరి, డబ్బు కూడ ఇచ్చిరి. ఆయన బడి పెట్టెను. పెద్ద కులములవారు క్రీస్తు మాట వినుటకు తలుపు తెరువబడినదని సంతోషించెను.

అదే కాలమున ఎర్రగుంట్ల పెరయ్య గారను మాదిగ సహోదరుడు, తోళ్ల వ్యాపారము చేయువాడు, ఎన్నో సంవత్సరములు దేవుని వెదకి వెదకి సువార్తను విని, భార్య నాగమ్మ గారితో కూడ 1866లో బాప్తిస్మము పొందెను. ఆయన తన పల్లెకు పోయి తనవారికి చెప్పెను. వారు తమ చుట్టములకు చెప్పిరి. ఆ రోజులలో మాదిగవారి బ్రతుకు మన తాతముత్తాతలు ఎరిగినదే. మోటకు తోలుబొక్కెన కుట్టువాడు ఆ బావిలోని నీరు ముట్టుకొనరాదు. చెప్పులు కుట్టువాడు ఆ చెప్పులు తొడుగుకొని ఊరిలో నడువరాదు. అట్టివారు గుంపులుగా ఒంగోలునకు రాసాగిరి.

అప్పుడు పట్టణపు పెద్దలు క్లౌ గారికి కబురంపిరి. ఈ మాదిగలను చేర్చుకొన్నయెడల తాము రామని దాని సారాంశము. ఆయన కలతచెందెను. ఒక ప్రక్క చదువు, ధనము, పలుకుబడి గలవారు. ఒక ప్రక్క ఏమియు లేనివారు. పెద్దవారు మొదట వచ్చినయెడల చిన్నవారు వారి వెంట వత్తురని తలంచుట సుళువే. ప్రార్థించి వాక్యము తెరచినప్పుడు మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయమున, దేవుడు గొప్పవారిని గాక లోకము లెక్కచేయనివారిని పిలుచుకొనెనను భాగము ఆయన కన్నులయెదుట నుండెను. దొరసానిగారు కూడ వేరొక గదిలో, ఆయనకు తెలియకుండ, అదే భాగమును తెరచి చదువుచుండెనని వారి చరిత్రలో చెప్పబడినది. వారు మాదిగ సహోదరులను విడిచిపెట్టలేదు. పిల్లలు వెళ్లిపోయిరి, బడి మూతపడెను.

ఇందులో మనకొక పాఠము కలదు. పొరుగువానిని ప్రేమించుటకు కొన్నిసార్లు వెల యుండును. ఆ వెల డబ్బు మాత్రమే కాదు. మనము గౌరవించువారి మెప్పు పోగొట్టుకొనుటయే పెద్ద వెల.

ధాత కరువు

1876లో వానలు పడలేదు. అది ధాత నామ సంవత్సరము గనుక మన తెలుగు సీమలో దానిని ధాత కరువనిరి. మరుసటి ఈశ్వర సంవత్సరము కూడ అటులే గడచెను. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి సీమలతో పాటు మన హైదరాబాదు సంస్థానమును కూడ ఆ కరువు పట్టెను. 50 లక్షలకు పైగా జనులు ఆ రెండు మూడు సంవత్సరములలో ఆకలిచేతను రోగములచేతను చనిపోయిరని చరిత్రకారులు లెక్కవేయుదురు. వానలేమి దేవుని చేతిలోనిది కావచ్చును గాని ఆకలి పూర్తిగా వానలేమివలననే కలుగలేదు. దేశములో కరువుండగానే ధాన్యము ఓడలలో పైదేశములకు పోవుచుండెను. ప్రభుత్వము కరువు పనులు పెట్టెను గాని 1877 ఆరంభమున కూలి తగ్గించెను. మట్టిపని చేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకు తక్కువ, దానితో ఒక అణా. మద్రాసు ఆరోగ్యాధికారియైన కార్నిష్ గారు ఇది మనిషి బ్రతుకుటకు చాలదని ఎదురాడిరి.

కరువు పనులలో మరియొక కష్టముండెను. పని యున్నను అది నిరుపేదలకు దొరుకుట దుర్లభము. మధ్యనున్న మేస్త్రీలు తమవారికే చీటీలిచ్చుట, కూలిలో కోత పెట్టుట, అంటరానివారిని దూరముగా తరుముట మామూలు. ఇట్టి సంగతి నేటి పనులలో కూడ మనము చూడనిది కాదు.

అప్పుడు క్లౌ గారి పాత విద్య పనికివచ్చెను. కృష్ణా డెల్టా సీమనుండి మద్రాసు వరకు తీరము వెంబడి పడవలు నడుచుటకు ప్రభుత్వము కాలువ త్రవ్వించుచుండెను. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరట దానికి బకింగ్‌హామ్ కాలువ యని పేరు వచ్చెను. క్లౌ గారు ఒంగోలునకు తూర్పున ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగమును తామే కంట్రాక్టునకు పుచ్చుకొనిరి. మిషనరీ కంట్రాక్టరగుట చూచి కొందరు వింతపడియుందురు. అయితే గంజి పోసి పంపుటకంటె పని ఇచ్చి, ఆ పనికి సరియైన కూలి ఇచ్చుట మేలని ఆయన యెరిగెను. బిచ్చము పుచ్చుకొనువాడు తల వంచును. కూలి పుచ్చుకొనువాడు తల యెత్తును.

కాలువ గట్టున తాటియాకుల గుడిసెలు లేచెను. వేలకొలది జనులు వచ్చిరి. ఆయన బోధకులే మేస్త్రీలైరి. మునుపు పల్లెలలో వాక్యము చెప్పినవారు ఇప్పుడు కొలతకఱ్ఱ పట్టి గుంటలు కొలిచిరి, కూలి లెక్క వ్రాసిరి. కూలిలో కోత లేదు. క్రైస్తవుడా కాడా అని అడుగలేదు. ఆ కూలీలలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. మధ్యాహ్నము గంపలు దించి నీడను కూర్చున్నప్పుడు బోధకులు వారిమధ్య కూర్చుండి, అలసినవారిని తనయొద్దకు పిలుచు యేసుప్రభువును గూర్చి చెప్పిరి. మత్తయి 11వ అధ్యాయములోని ఆ పిలుపు ఆ కాలువ గట్టున మిక్కిలిగా చెప్పబడిన మాట. మట్టిగంప నెత్తిన మోయువానికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానము కావలసినది కాదు.

ఆ కాలువ కథ అంతటితో ముగియలేదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు అనేక చోట్ల ఆ కాలువ సముద్రపు నీటిని తనలోనికి తీసికొని, అవతల నున్న పల్లెలకు కలుగవలసిన నష్టమును తగ్గించెనని దానిని పరిశీలించినవారు చెప్పిరి. కరువులో ఆకలిగొన్నవారు త్రవ్విన కాలువ, వారు చనిపోయిన చాలా కాలమునకు తామెన్నడు చూడని పొరుగువారికి అడ్డుగా నిలిచెను.

మూసియుంచిన తలుపు

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచినది వినుడి. కాలువ పని జరుగుచుండగా వందలకొలది జనులు క్లౌ గారియొద్దకు వచ్చి బాప్తిస్మమిమ్మని అడిగిరి. ఏ సేవకుడైనను సంతోషించు సమయమది. అమెరికాలోని పెద్దలకు లెక్కలు వ్రాసి పంపుటకు ఎంత మంచి సమయము! అయినను ఆయన ఇయ్యలేదు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, సుమారు పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మమిచ్చుట లేదు. ఆయన చేతిలో కూలి యున్నంతకాలము, ధర్మసొమ్ము పంచుచున్నంతకాలము సంఘపు తలుపు మూసియుంచెను.

ఎందుచేత? కూలి కొరకు దేవుని పేరు పలుకు అవస్థ ఏ పేదవానికిని రాకూడదని ఆయన తలంచెను. అన్నమునకు వెలగా విశ్వాసమును పుచ్చుకొనినయెడల అన్నమును చెడిపోవును, విశ్వాసమును చెడిపోవును. మంచి సమరయుడు గాయపడినవానిని ఏ మతము, ఏ ఊరు అని అడిగెనని ప్రభువు చెప్పలేదు. తరువాత నా గుడికి రమ్మని చెప్పెననియు లేదు. గాయములు కట్టి, సత్రమునకు చేర్చి, ఖర్చు తానే పెట్టుకొని, తన దారిని పోయెను. క్లౌ గారు ఆ ఉపమానమును కాలువ గట్టున ఆచరించి చూపిరి.

గుండ్లకమ్మ యొద్ద

1878లో కరువు సడలెను, ధర్మసొమ్ము అయిపోయెను. ఇక సహాయమేమియు దొరకదని, ఇండ్లకు పొండని క్లౌ గారు జనులకు తెలియజేసిరి. అయినను వారు పోలేదు. తమకు డబ్బు అక్కరలేదని, క్రీస్తు సంఘములో చేర్చుకొనవలెనని బ్రతిమాలిరి. అప్పుడు ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ నదియొద్ద నున్న వెల్లంపల్లిలో వారిని కూడుకొనుడని చెప్పిరి. బోధకులు తమ తమ పల్లెల వారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని ప్రశ్నించి, నమ్మకము కుదిరినవారినే ముందుకు పంపిరి.

జూలై 3వ తేదీ ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నియమింపబడిన ఆరుగురు తెలుగు సేవకులు ఇద్దరిద్దరుగా నదిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. ఇద్దరు అలసినప్పుడు మరి ఇద్దరు దిగిరి. క్లౌ గారు తాము ఒక్కరికైనను ఇయ్యక ఒడ్డున నిలిచియుండిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి 9,606 మంది చేర్చబడిరి.

వీరు కూటికి మారినవారని ఆనాడు కొందరు అనిరి. నేడు కూడ మన వికారాబాదు ప్రాంతపు పల్లెలలో ఆ మాట మనకు వినబడుచున్నది. దానికి కోపపడకుండ నిజముగా జవాబు చెప్పవలెను. వారి హృదయములు దేవునికే తెలియును. ఆకలి దినములలో తమను మనుష్యులుగా చూచినవారిని వారు మరువలేదనుట నిజము. కృతజ్ఞత సిగ్గుపడదగినది కాదు. అయితే కూలి యున్నప్పుడు తలుపు మూయబడెను, కూలి లేనప్పుడు వారు వచ్చిరి. వెల పెట్టి కొనువాడు ఆ విధముగా చేయడు.

కడపటి దినములు

తరువాతి ముప్పది సంవత్సరముల సంగతి క్లుప్తముగా చెప్పుదును. ఒంగోలులో బడులు, పల్లె బడులు వృద్ధియాయెను. 1890 డిసెంబరులో ఒక్క దినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి. 1893లో హారియెట్ దొరసానిగారు ప్రభువునందు నిద్రించిరి. తరువాత ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఆయన జీవిత వృత్తాంతమును గ్రంథముగా కూర్చినది ఆమెయే. 1901లో క్లౌ గారు పడిపోయి తుంటి యెముక విరిగి, అటుపిమ్మట కుంటుచు బాధపడిరి. 1910లో అమెరికాకు తిరిగిపోయి, ఆ యేటి నవంబరులోనే రోచెస్టరు పట్టణమున చనిపోయిరి.

ఆయన లోపములేని మనిషియని నేను చెప్పను. పని తన ఇష్టప్రకారమే జరుగవలెనను స్వభావము ఆయనకు కలదు. వేలమంది ఒక్కసారి చేరినప్పుడు వారందరికి అక్షరములు నేర్పుటకును వాక్యము బోధించుటకును చాలినంతమంది లేకపోయిరి. ఆ కొరత చాలా కాలము నిలిచెను. మరియు ఆయన ఏ కులపు గోడ యెదుట నిలిచెనో, ఆ గోడను మన తెలుగు సంఘములే మరల కట్టుకొనినవి. మాలలకొక వరుస, మాదిగలకొక వరుస, పెండ్లి సంబంధములలో వేరు, కొన్ని చోట్ల శ్మశానములో కూడ వేరు. పెద్ద కులములవారు మనలను బావియొద్దకు రానియ్యలేదని చెప్పుకొని ఏడ్చు మనము, మన ప్రక్కవానికి ఏ బావి మూసితిమో ఒక్కసారి చూచుకొనవలెను.

మన సంగతి

తాళపుచెవి సంగతి చెప్పి ముగింతును. మరునాడు ఉదయమున కమిటీ పెద్దల ఇండ్లకు పోయి, నేను ఆ తాళపుచెవి పుచ్చుకొనుటయే తప్పని ఒప్పుకొంటిని. కొందరు మాటలాడలేదు. ఒకరు గట్టిగానే వాదించిరి. మన సంఘపు విధవరాలు ఒకామె, నెలకు చందా ఇచ్చుటకే కష్టపడునామె, తాను చిన్నతనమున ఊరి బావి గట్టున దూరముగా నిలిచి ఎవరైన నీళ్లు పోయుదురాయని కనిపెట్టుకొన్న దినములు తనకు జ్ఞాపకమున్నవని, అంతకంటె చెప్పవలసినది లేదని చెప్పి ఊరకుండెను. ఆ సాయంకాలము తాళము తీసితిమి.

అద్భుతమేమియు జరుగలేదు. బోరులో నీళ్లు పెరుగలేదు; తగ్గెను కూడ. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు అని పెట్టుకొని, మనవారును వారును ఒకే వరుసలో బిందెలు పెట్టుకొనిరి. కరెంటు బిల్లు ఎక్కువయ్యెను. వానలు పడిన తరువాత వారిలో చాలమంది తమ ఊళ్లకు పోయిరి. ఒక్కరును మన సంఘములో చేరలేదు. మన రిజిస్టరులో ఆ వేసవిని గూర్చి వ్రాయదగినది ఏమియు లేదు. ఈ సంగతి నాకు మొదట కొంచెము వెలితిగా తోచెను. పదునైదు నెలలు తలుపు మూసియుంచిన క్లౌ గారిని తలంచుకొనినప్పుడు ఆ వెలితి పోయెను. మనము నీళ్లిచ్చితిమి, వారు త్రాగిరి. ప్రభువు అడిగినది అంతే.

ప్రియులారా, మన వికారాబాదు, తాండూరు పల్లెలలో మీ ఇంటి ప్రక్కనున్నవారిని ఈ నెల ఒకసారి లెక్కపెట్టుకొనుడి. మీ కందిచేలో కూలికి వచ్చువారికి సాయంకాలమే కూలి ముట్టుచున్నదా? మీ వీధికి క్రొత్తగా వచ్చినవారి పేరు మీకు తెలియునా? మీ చేతిలో ఎవరికైన తెరువవలసిన తాళపుచెవి యున్నదా? ఈ మూడు ప్రశ్నలను కుటుంబ ప్రార్థనలో పిల్లలతో కూడ మాటలాడుకొనుడి.

ప్రార్థన: దయగల తండ్రీ, మేము దారి తొలగి గాయపడి పడియుండగా వెల యడుగక మమ్మును ఎత్తుకొంటివి. మా పొరుగువారికి వెల యడుగక ఇచ్చు మనస్సు మాకు దయచేయుము. మేము మూసిన తలుపులు మాకు చూపించి, వాటిని తెరచు ధైర్యమిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.